డియర్ పీటర్, ఇట్లు లీ హ్వా

(హైస్కూల్ ఇంగ్లీష్ టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసినది)

అందరికీ నమస్కారమండి. వెనకాల బెంచీల్లో కూర్చున్న మేడమ్స్‌కి వినపడుతోందా? సరే, ఫ్యాన్ల శబ్దం ఉంది కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడతాను. నన్ను పిలిచిన మాస్టారు ఏమన్నారంటే, "మీరు చైనాలో ఆరేళ్ళున్నారు కదమ్మా, అక్కడ హైస్కూల్ పిల్లలు ఇంగ్లీష్‌తో ఎలా కుస్తీ పడతారో మా వాళ్ళకి కాస్త చెప్పండి" అన్నారు. నేను టీచర్‌ని కాదండి, బీఈడీ చెయ్యలేదు. కానీ ఆ ఆరేళ్ళలో దాదాపు నాలుగేళ్ళు ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా డైనింగ్ టేబుల్ చుట్టూ ఐదారుగురు చైనా పిల్లలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళు, కూర్చుని ఇంగ్లీష్‌లో మాట్లాడేవాళ్ళు, లేదా మాట్లాడలేక కూర్చునేవాళ్ళు. నేను చెప్పేదంతా ఆ టేబుల్ దగ్గర చూసిందే.

ముందు మీకు లీ హ్వా సంగతి చెప్పాలి. చైనాలో ఇంగ్లీష్ పరీక్ష రాసిన ఏ పిల్లనైనా పిల్లాడినైనా అడగండి, లీ హ్వా ఎవరో తెలుసా అని, వెంటనే మొహంలో ఒక మార్పు వస్తుంది. వాళ్ళ కాలేజీ ఎంట్రన్స్ ఉంది కదా, గావ్‌కావ్ అంటారు, అందులో ఇంగ్లీష్ పేపర్‌లో ఉత్తరం రాసే ప్రశ్న ఏళ్ళ తరబడి ఒకేలా మొదలవుతుంది, "నువ్వు లీ హ్వా అనుకో" అని. నువ్వు లీ హ్వా అనుకో, నీ బ్రిటిష్ ఫ్రెండ్ పీటర్‌ని మీ స్కూల్లో జరిగే కాగితం కత్తిరింపుల ఎగ్జిబిషన్‌కి పిలువు, లేదా టీ ఎలా కాస్తారో వివరించు, లేదా రాలేకపోయినందుకు సారీ చెప్పు. కింద యువర్స్, లీ హ్వా అని పెట్టి ముగించాలి. అసలు పేరు రాస్తే పేపర్ ఎవరిదో దిద్దేవాళ్ళకి తెలిసిపోతుందని అలా ఒక పేరు పెట్టారు, అది న్యాయమే. మన టెన్త్ పబ్లిక్‌లో పిల్లలు లెటర్ రైటింగ్‌లో పేరు చోట ఎక్స్ వై జెడ్ అని రాస్తారు చూడండి, అలాంటిదే. 2024లో గావ్‌కావ్‌కి 1 కోటి 34 లక్షల మంది రిజిస్టర్ అయ్యారు. అంటే ఏటా లక్షలాది పిల్లలు, ఎప్పుడూ చూడని పీటర్‌కి, తాము కాని లీ హ్వా పేరుతో, పంపని ఉత్తరాలు రాస్తారు. ఆడో మగో కూడా తెలియని పేరు అది, ఇద్దరికీ సరిపోతుంది.

నా మాటలన్నీ చివరికి ఈ లీ హ్వా దగ్గరికే వస్తాయి, కాబట్టి ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

మేము ఉన్న ఊరు హాంగ్‌జౌ. షాంఘైకి దగ్గర, జెజియాంగ్ అనే రాష్ట్రానికి రాజధాని, ఊరి మధ్యలో పెద్ద సరస్సు ఉంటుంది, వెస్ట్ లేక్. మా ఆయన ఉద్యోగం మీద 2014లో వెళ్ళాం, 2020 జనవరిలో వచ్చేశాం. నాకున్నది భార్యగా ఇచ్చే వీసా, దాంతో పని చెయ్యకూడదు. పైగా అక్కడ ఇంగ్లీష్ టీచర్‌గా పెట్టుకోవాలంటే మామూలుగా ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న దేశాల పాస్‌పోర్ట్ అడుగుతారు, అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా అలాగ. మనకి వర్తించదు. అది నాకు బాధగానే ఉండేది, చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్‌లో చదువుకున్నాను, నా పాస్‌పోర్ట్ చూసి నాకు ఇంగ్లీష్ రాదని తేల్చడం ఏంటని.

పై ఫ్లోర్‌లో ఉండే ఆవిడ ఒకరోజు లిఫ్ట్‌లో ఫోన్ తీసి, అందులో చైనీస్‌లో ఏదో మాట్లాడి, ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది. అది ఇంగ్లీష్‌లో చెప్పింది, మా అమ్మాయి ఎనిమిదో క్లాసు, వారానికి ఒక గంట దానితో మాట్లాడతారా, డబ్బులిస్తాను అని. డబ్బులొద్దు, పంపించండి అన్నా. ఇంక ఆవిడ ఆగలేదు, ప్రతివారం ఏదో ఒకటి, బత్తాయిలు, లాంగ్‌జింగ్ టీ ఆకు, వాళ్ళ పడవల పండగకి వెదురాకులో చుట్టి ఉడకబెట్టిన జిగురన్నం. నేను పులిహోరో జంతికలో పెట్టేదాన్ని. ఒక అమ్మాయి వచ్చింది, తర్వాత ఆమె డెస్క్‌మేట్ వచ్చింది, ఆ పిల్ల కజిన్ వచ్చాడు, అలా టేబుల్ నిండింది. నన్ను "ఆయీ" అనేవాళ్ళు, అమ్మ చెల్లెల్ని పిలిచే పిలుపు అది, మనకి పిన్ని లాగా.

డెస్క్‌మేట్ అన్నా కదా, అది అక్కడ చాలా పెద్ద బంధుత్వం. థుంగ్‌జువో అంటారు. క్లాసులో నలభై యాభై మంది ఉంటారు, ఇద్దరిద్దరికి ఒక జంట బల్ల, ఆ పక్కన కూర్చున్న మనిషితోనే రోజంతా గడుస్తుంది. రోజంతా అంటే నిజంగానే రోజంతా అండి. హైస్కూల్ పిల్లలైతే పొద్దున్నే ఏడు గంటలకల్లా క్లాసులో ఉంటారు, పాఠాలు మొదలవ్వకముందే పొద్దుటి చదువు అని ఒకటుంటుంది, అందరూ లేచి నిలబడి పుస్తకం మొహానికి ఎదురుగా పట్టుకుని గట్టిగా చదవాలి, ఒకరోజు చైనీస్, ఒకరోజు ఇంగ్లీష్, యాభై గొంతులు ఒక్కసారిగా, ఎవరిది వాళ్ళకే వినపడదు. తర్వాత వరుసగా పీరియడ్లు, మధ్యలో అందరూ గ్రౌండ్‌లోకి వచ్చి మైక్‌లో వచ్చే పాటకి ఎక్సర్‌సైజులు, లేకపోతే క్లాసు క్లాసుగా లైన్ కట్టి పరుగు. కళ్ళకి వేరే ఎక్సర్‌సైజ్ ఉంటుంది, కళ్ళు మూసుకుని కనుబొమల దగ్గర, ముక్కు పక్కన నొక్కుకుంటారు, 1963 నుంచి ఉందట ఆ పద్ధతి. మధ్యాహ్నం అన్నం తిన్నాక బల్ల మీదే తల పెట్టి కాసేపు నిద్ర. క్లాస్‌రూమ్ ఊడ్చేది, బోర్డు తుడిచేది పిల్లలే, వంతులుంటాయి. సాయంత్రం అన్నం తిని మళ్ళీ స్టడీ అవర్, తొమ్మిది, తొమ్మిదిన్నర, కొన్నిచోట్ల పది దాకా. మన రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలు చూసిన వాళ్ళకి ఇదేం వింత కాదు. కానీ ఒక తేడా ఉంది. మనకి టెన్త్ పాసైతే ఇంటర్‌లో ఎక్కడో ఒకచోట సీటొస్తుంది. వాళ్ళకి తొమ్మిదో క్లాసు చివర ఒక పరీక్ష, జుంగ్‌కావ్, అందులో దాదాపు సగం మందికే మామూలు హైస్కూల్లో చోటు, మిగతావాళ్ళు వృత్తివిద్య వైపు వెళ్ళాలి. పదిహేనేళ్ళకే దారి రెండుగా చీలిపోతుంది. మా టేబుల్ దగ్గరికొచ్చే పిల్లల్లో ఎనిమిది, తొమ్మిది క్లాసుల వాళ్ళ భయం పన్నెండో క్లాసు వాళ్ళ భయం కన్నా ఎక్కువగా ఉండేది, నేను చూసినంతలో.

"పక్కింటి పిల్లాడు" అనే మాట వాళ్ళకీ ఉందండి. "ఇంకొకళ్ళింటి పిల్లలు" అంటారు. అన్నీ వచ్చు, అన్నిట్లో ఫస్ట్, అమ్మానాన్నలకి ఎదురు చెప్పడు, ఆ పిల్లాడిని ఎవరూ చూడలేదు కానీ ప్రతి ఇంట్లోనూ వాడి ప్రస్తావన ఉంటుంది. ఇది విన్నప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

ఇంగ్లీష్ సంగతికొద్దాం. వాళ్ళకి ఇంగ్లీష్ నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1862లోనే బీజింగ్‌లో రాజుగారి సర్కారు విదేశీ భాషల కోసం ఒక బడి పెట్టింది, ఇంగ్లీష్‌తోనే మొదలు. తర్వాత 1950ల్లో రష్యాతో స్నేహం, అప్పుడు బడుల్లో రష్యన్. ఆ స్నేహం చెడింది, మళ్ళీ ఇంగ్లీష్. మధ్యలో పదేళ్ళు కాలేజీ ఎంట్రన్సే ఆగిపోయి 1977 డిసెంబర్‌లో తిరిగి పెడితే 57 లక్షల మంది రాశారు, సీట్లొచ్చింది 2 లక్షల 70 వేల మందికి. 2001 నుంచి మూడో క్లాసులో ఇంగ్లీష్ మొదలుపెట్టాలన్నారు. ఇప్పుడు గావ్‌కావ్‌లో మొత్తం 750 మార్కులైతే చైనీస్‌కి 150, లెక్కలకి 150, ఇంగ్లీష్‌కి 150. లెక్కలతో సమానం అన్నమాట. మా రాష్ట్రం జెజియాంగ్‌లో అయితే ఇంగ్లీష్ పరీక్ష రెండుసార్లు రాయొచ్చు, జనవరిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి, ఎందులో ఎక్కువొస్తే అదే లెక్క.

ఇంత చదువూ చదివిన పిల్లల ఇంగ్లీష్‌కి వాళ్ళే ఒక పేరు పెట్టుకున్నారు. యాబా యింగ్‌యు, మూగ ఇంగ్లీష్. చదవడం వచ్చు, రాయడం వచ్చు, బిట్లు తప్పు పోవు, నోరు మాత్రం తెరుచుకోదు. పొద్దున్నే అరగంటసేపు గొంతు చించుకుని చదివే పిల్లలు ఎదురుగా ఒక మనిషి కూర్చుని "ఈ వారం ఏం చేశావు" అంటే బల్ల వైపు చూస్తారు. మొదట్లో నాకర్థం కాలేదు. ఆ అరుపులో వాళ్ళ సొంత మాట ఒక్కటీ లేదు కదా, అది తర్వాత వెలిగింది.

ఒక కుర్రాడుండేవాడు, పదో క్లాసు. వాడి స్కూల్ టెస్టుల్లో 150కి 138, 140, ఆ లెక్కలో వచ్చేవి. మూడు నెలలు వచ్చాడు, జంతికలు తిన్నాడు, నోట్స్ రాసుకున్నాడు, మాట్లాడలేదు. అడిగితే యెస్, నో. నేనూ ఒత్తిడి పెట్టలేదు. ఒక ఆదివారం నేను వంటింట్లో పప్పు కుక్కర్ పెట్టి వచ్చి కూర్చున్నా, విజిల్ వచ్చింది. వాడు కుర్చీలోంచి లేచి నిలబడి "వాట్ ఈజ్ దట్ సౌండ్?" అన్నాడు. అక్కడి కుక్కర్లు మన వాటిలా కూత పెట్టవండి. కుక్కర్ అని చెప్పా. డేంజరా అన్నాడు. కాదన్నా. ఎందుకు కూస్తుందన్నాడు, ఎన్ని కూస్తే ఆపుతారన్నాడు, లెక్కపెట్టేది ఎవరన్నాడు, మర్చిపోతే ఏమవుతుందన్నాడు, లోపలికి వెళ్ళి చూడొచ్చా అన్నాడు. ఇరవై నిమిషాలు. తప్పులున్నాయి, చాలా ఉన్నాయి, వై ఇట్ ఈజ్ క్రై అన్నాడు, నాకు అంత బాగా ఇంకెవరూ కుక్కర్ గురించి అడగలేదు. వాళ్ళ డెస్క్‌మేట్ అమ్మాయి చైనీస్‌లో వాడితో ఏదో అంది, ఏమన్నావని అడిగితే "మూడు నెలల్లో వీడి గొంతు ఇంగ్లీష్‌లో ఇప్పుడే విన్నాను" అందట.

ఆ రోజు నుంచి నేను పుస్తకాలు పక్కన పెట్టించేశాను. వాళ్ళకి నిజంగా తెలుసుకోవాలనున్నవి, నాకు నిజంగా తెలియనివి, అవే మాట్లాడుకున్నాం. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా ఎందుకు గుచ్చకూడదో నాకు వాళ్ళే చెప్పారు, చనిపోయినవాళ్ళకి అగరొత్తులు పెట్టినట్టుంటుందని. ఆ అమ్మాయి అది చెప్పడానికి ఎంత కష్టపడిందో, అగరొత్తికి మాట తెలియక "స్మోక్ స్టిక్ ఫర్ గ్రాండ్‌ఫాదర్" అంది. పరీక్షలో అది తప్పే. నాకు అంతకన్నా బాగా అర్థమయ్యే మాట ఇంకోటి ఉండదు.

తప్పుల గురించి ఇంకాస్త మాట్లాడతాను, ఇది మన టీచర్లకి పనికొస్తుంది. వాళ్ళు అతను అనాల్సినచోట ఆమె అంటారు, ఆమె అనాల్సినచోట అతను అంటారు. మా మదర్, హీ ఈజ్ ఎ నర్స్ అంటారు. ఎంత బాగా చదివే పిల్లలైనా మాటల్లో ఇది జారుతుంది. ఎందుకంటే చైనీస్‌లో అతను, ఆమె, అది, మూడూ పలకడానికి ఒకటే, "థా". రాసేటప్పుడు అక్షరాలు వేరు, ఆమెకి వేరే అక్షరం వచ్చి కూడా సుమారు వందేళ్ళే. చెవికి తేడా లేని విషయం నోట్లో తేడాగా ఎలా వస్తుంది? ఇది నేను వెంటనే అర్థం చేసుకోగలిగానంటే తెలుగు వల్లే. మనకి అతను వచ్చాడు, ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. ఆమెకీ బస్సుకీ ఒకటే క్రియ. హిందీ వాళ్ళకి మనం ఆడవాళ్ళనీ వస్తువులనీ కలిపేసినట్టు అనిపిస్తుంది, మనకి అది మామూలు.

అలాగే మాట చివర. చైనీస్‌లో అక్షరం ముగిసేది అచ్చుతోనో, ముక్కుతో పలికే న్, ఙ్ లాంటి శబ్దంతోనో. అందుకే గుడ్ అనమంటే చివర చిన్న అచ్చు తోడై గుడ్అ అని వస్తుంది. మనది అజంత భాష, బస్సు, కారు, రోడ్డు, ఫోను, అన్నిటికీ ఒక ఉకారం తగిలిస్తే గానీ మనకి మాట పూర్తయినట్టుండదు. ఒక పిల్లాడు "నా ఉచ్చారణ సిగ్గుగా ఉంటుంది ఆయీ" అన్నప్పుడు ఈ బస్సు, కారు, రోడ్డు వాడితో పలికించాను. మా ఊళ్ళో ఎనిమిది కోట్లమంది ఇలాగే అంటారు, ఎవరికీ సిగ్గులేదు అని చెప్పా. ఊరు అన్నాను రాష్ట్రాలనాల్సింది, వాడు అంత పెద్ద ఊరా అని కళ్ళు పెద్దవి చేశాడు. లైట్ వెయ్యమని చెప్పడానికి వాళ్ళు ఓపెన్ ద లైట్ అంటారు, వాళ్ళ భాషలో లైట్‌ని "తెరుస్తారు". మనం "వేస్తాం", అందుకే మన పిల్లలు పుట్ ద లైట్ అంటారు. నాకిది చాలా ఇష్టం ఐతే వాళ్ళది ఐ వెరీ లైక్. ఇవి తెలివితక్కువ తప్పులు కావండి, ఆ తప్పు వెనకాల వాళ్ళమ్మ భాష నిలబడి ఉంది. ఆ పిల్లకి ఇది చెప్తే చాలు సిగ్గు సగం పోతుంది.

ఇంకొకటి. "హౌ ఆర్ యూ" అని ఏ చైనా పిల్లనైనా అడగండి, "ఫైన్, థాంక్యూ, అండ్ యూ?" అని ఒకే ఊపిరిలో వస్తుంది, తరతరాలుగా పుస్తకంలో అదే, చైనా మొత్తం అదే. ఒకసారి మా పై ఫ్లోర్ అమ్మాయి కాలికి సిమెంటు కట్టుతో కర్రల మీద వచ్చింది, గ్రౌండ్‌లో పరుగు తీస్తుంటే పడిందట. తలుపు తీసి కంగారులో హౌ ఆర్ యూ అన్నాను. ఫైన్, థాంక్యూ, అండ్ యూ అంది. చెప్తున్నప్పుడు కళ్ళలో నీళ్ళున్నాయి. అదే నేను నాకొచ్చిన కాస్త చైనీస్‌లో "తిన్నావా" అన్నాను, అక్కడా మనలాగే పలకరింపు అదేనండి, అన్నం తిన్నావా అనే. అప్పుడు ఏడ్చింది. పొద్దున్నుంచి తినలేదంది, నొప్పిగా ఉందంది, ఆ నెల పరీక్షల్లో ర్యాంక్ పడిపోతుందని భయంగా ఉందంది, అన్నీ ఇంగ్లీష్‌లోనే, వచ్చీరాని ఇంగ్లీష్‌లోనే. వాళ్ళమ్మకి ఎందుకు చెప్పలేదంటే, చైనీస్‌లో చెప్తే అమ్మకి బాధవుతుంది అంది. ఈ మాట నన్ను చాలారోజులు పట్టుకుంది. పదిహేనేళ్ళ పిల్లకి ఇంట్లో చెప్పలేనివి చెప్పుకోవడానికి ఒక పరాయి భాష చోటిచ్చింది. సిలబస్‌లో ఎక్కడా రాయని ఉపయోగం అది.

పేర్ల సంగతి కూడా దీని కిందకే వస్తుంది. అక్కడ ఇంగ్లీష్ క్లాసులో ప్రతి పిల్లకీ ఒక ఇంగ్లీష్ పేరుంటుంది, కొందరికి టీచర్ పెడతారు, కొందరు వాళ్ళే పెట్టుకుంటారు. యాపిల్, చెర్రీ, సన్నీ, కెవిన్. పరాయి పేర్లు పెట్టుకోవడం ఏంటని నాకు మొదట నచ్చలేదు. తర్వాత చూశాను, చైనీస్ పేరుతో పిలిస్తే తల దించుకునే పిల్ల ఇంగ్లీష్ పేరుతో పిలిస్తే గలగలా మాట్లాడుతుంది. ఆ పేరుకి ర్యాంక్ లేదు, ఇంటి మర్యాద లేదు. కానీ లీ హ్వా పేరుకీ దీనికీ తేడా చూడండి, లీ హ్వా పరీక్ష పెట్టిన పేరు, ఇది పిల్ల తనకి తాను పెట్టుకున్న పేరు.

పరీక్ష కోసం వాళ్ళు చేసేది చూస్తే జాలేస్తుంది, గౌరవమూ కలుగుతుంది. మూడున్నర వేల మాటల లిస్టు, అక్షరక్రమంలో ఉన్న పుస్తకం తెరిస్తే మొదటి మాటల్లోనే అబాండన్, అంటే వదిలెయ్యడం. ప్రతి ఏడాది కొత్తగా మొదలుపెట్టి అక్కడే వదిలేశామని పిల్లలు చెప్పుకుంటారు. ఆన్సర్ షీట్లు స్కాన్ చేసి కంప్యూటర్ తెర మీద దిద్దుతారు కాబట్టి చేతిరాత అచ్చులా ఉండాలని, గుండ్రంగా అచ్చు అక్షరాల్లాంటి ఒక రాత నేర్పుతారు, హ్యబెయ్ రాష్ట్రంలో హెంగ్‌షుయ్ అనే ఊళ్ళో పేరుమోసిన హైస్కూల్ ఉంది, ఆ ఊరి పేరే ఆ రాతకి. కాపీరైటింగ్ పుస్తకాలు అమ్ముతారు దానికోసం. మా టేబుల్ దగ్గర ఐదుగురి నోట్సులు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో నేను చెప్పలేకపోయేదాన్ని.

పరీక్షలో కథ కొనసాగించే ప్రశ్న కూడా ఉంది, 25 మార్కులు, జెజియాంగ్‌లోనే 2016లో మొదలైంది. సగం కథ ఇస్తారు, తర్వాతి రెండు పేరాల మొదటి వాక్యాలు ఇస్తారు, మిగతాది నూట యాభై మాటల్లో మనం రాయాలి. ఎంత మంచి ప్రశ్న! కానీ పిల్లలు దానికీ రెడీమేడ్ వాక్యాలు బట్టీ పడతారు, కన్నీళ్ళు చెంపల మీద జారాయి, గుండె డప్పులా కొట్టుకుంది, ఇలాంటివి భయానికి పది, సంతోషానికి పది. అడవిలో తప్పిపోయిన పిల్ల కథ వచ్చింది ఒకసారి ప్రాక్టీసు పేపర్లో. నీకైతే అలా జరిగితే ఏం చేస్తావని ఒకమ్మాయిని అడిగా. "పరీక్షలోనా, నిజంగానా?" అని అడిగింది. నిజంగా అన్నా. చాలాసేపు ఆలోచించి, "ఒక రోజంతా ఎవరూ నన్ను వెతక్కుండా ఉంటే బావుండు, నిద్రపోతాను" అంది. అది రాస్తే మార్కులు రావేమో. నాకు ఆ వాక్యం తప్ప ఆ రోజు ఇంకేం గుర్తులేదు.

అలీబాబా కంపెనీ పెట్టిన జాక్ మా గురించి అక్కడ ప్రతి తల్లీ తండ్రీ చెప్తారు, ఆయన హాంగ్‌జౌ వాడే. కుర్రాడిగా ఉన్నప్పుడు వెస్ట్ లేక్ దగ్గర హోటల్‌కి సైకిల్ మీద వెళ్ళి, విదేశీ టూరిస్టులకి ఉత్తినే ఊరు చూపించి ఇంగ్లీష్ నేర్చుకున్నాడు, ఏళ్ళ తరబడి. ఎంట్రన్స్ రెండుసార్లు తప్పాడు, మూడోసారి టీచర్ల కాలేజీలో సీటొచ్చింది, 1988లో ఇంగ్లీష్ డిగ్రీ తీసుకుని ఇంగ్లీష్ పాఠాలే చెప్పాడు మొదట. పెద్దవాళ్ళు ఈ కథలో చివర వచ్చిన డబ్బు చెప్తారు. మా పిల్లలకి నచ్చింది సైకిలు. ఆదివారం ఒకసారి అందరం సరస్సు గట్టుకి వెళ్ళాం, అక్కడ ఇంగ్లీష్ కార్నర్ అని జనం గుంపుగా నిలబడి ఇంగ్లీష్‌లో మాట్లాడుకుంటారు, రిటైరైన పెద్దాయనలు, కాలేజీ పిల్లలు, ఎవరైనా సరే. ఒక డెబ్బై ఏళ్ళ తాతగారు మా కుక్కర్ కుర్రాడిని పట్టుకుని గంటసేపు మాట్లాడాడు. స్కూల్లో తను రష్యన్ నేర్చుకున్నానని, ఇంగ్లీష్ అరవై దాటాక మొదలుపెట్టానని చెప్పాడట. తిరిగి వస్తుంటే బస్సులో వీడన్నాడు, "ఆయీ, ఆ తాతకి పరీక్ష లేదు కదా, మరి ఎందుకు నేర్చుకుంటున్నాడు?" అని. నేను జవాబు చెప్పలేదు, వాడే కనుక్కుంటాడని.

మేము వచ్చేశాక అక్కడ చాలా మారింది. 2021 జులైలో డబుల్ రిడక్షన్ అని ఒక విధానం తెచ్చారు, ఒకటి నుంచి తొమ్మిది క్లాసుల పిల్లలకి హోంవర్కు తగ్గించాలి, స్కూల్ సబ్జెక్టుల మీద లాభానికి ట్యూషన్ సెంటర్లు నడపకూడదు అని. ఇంగ్లీష్ కోచింగ్ మీద బతికిన పెద్ద పెద్ద కంపెనీలకి ఆ పని ఒక్కసారిగా ఆగిపోయింది. అందులో న్యూ ఓరియంటల్ అనేది ఒకటి, వాళ్ళ దగ్గర ఇంగ్లీష్ చెప్పే డాంగ్ యుహుయ్ అనే కుర్ర టీచర్, షాన్‌షీలో పల్లెటూరివాడు, 2022 జూన్‌లో ఆన్‌లైన్‌లో సరుకులమ్ముతూ ఒక్కసారిగా పేరు తెచ్చుకున్నాడు, బియ్యం, మొక్కజొన్న, మాంసం, పక్కన తెల్లబోర్డు పెట్టి వాటి మీద ఇంగ్లీష్ మాటలు నేర్పుతూ. దేశమంతా కూర్చుని చూసింది. పాఠం మీద మార్కులు తీసేస్తే ఇంతమంది కూర్చుని వింటారా అని నాకు ఆశ్చర్యం, సంతోషం కూడా.

ఉత్తరాల విషయం చెప్పి ముగిస్తాను, టైమ్ అవుతోంది, భోజనాలు కూడా రెడీ అంటున్నారు.

2020 జనవరిలో వచ్చేశాం అన్నాను కదా, వాళ్ళకి న్యూ ఇయర్ సెలవలు, మళ్ళీ ఫిబ్రవరిలో కలుద్దాం అనుకున్నాం, కరోనా వచ్చింది, వెళ్ళలేదు. కొన్నాళ్ళు వీచాట్‌లో మాట్లాడుకున్నాం. ఆ జూన్ ఆఖర్లో మన దేశంలో 59 యాప్‌లు నిషేధించారు, అందులో వీచాట్ ఒకటి. అంతే, ఒక్కరోజులో పిల్లలందరూ మాయం. ముందురోజు ఒకమ్మాయికి నా ఈమెయిల్ ఇచ్చి ఉండబట్టి సరిపోయింది. రెండు వారాలకి ఒక మెయిల్ వచ్చింది, మా పై ఫ్లోర్ అమ్మాయి, అప్పటికి హైస్కూల్లో ఉంది. తెరిస్తే, "డియర్ ఆయీ, హౌ ఈజ్ ఎవ్రీథింగ్ గోయింగ్? ఐ యామ్ రైటింగ్ టు ఇన్‌ఫార్మ్ యూ దట్" అని. అచ్చం లీ హ్వా. మూడు పేరాలు, కొలిచినట్టు, చివర లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై. ఎన్ని వందల ఉత్తరాలు పీటర్‌కి రాసిందో ఆ పిల్ల, నిజంగా ఒక మనిషికి ఉత్తరం రాయాల్సొచ్చేసరికి చేతికి అదే వచ్చింది. నేను జవాబులో మా ఇంట్లో మామిడిపళ్ళ గురించి, మా అత్తగారి మోకాలి నొప్పి గురించి, లాక్‌డౌన్‌లో మా వీధి గురించి అడ్డదిడ్డంగా రాశాను. రెండో ఉత్తరం రెండు పేరాలు లీ హ్వా, ఒక పేరా ఈ అమ్మాయి. ఐదో ఉత్తరానికి వచ్చేసరికి ఐ యామ్ రైటింగ్ టు పోయింది, "ఆయీ, టుడే ఐ యామ్ యాంగ్రీ" అని మొదలైంది.

తర్వాత ఏడాది చలికాలంలో ఒకటి వచ్చింది, వాళ్ళ నాయనమ్మ పోయిందని. ఆ పిల్లని పెంచింది ఆవిడే, అమ్మానాన్నలు వేరే ఊళ్ళో పని చేసుకుంటుంటే పదేళ్ళ వరకు నాయనమ్మ దగ్గరే ఉంది. రాత్రిపూట రాసినట్టుంది. పొడుగైన ఉత్తరం. "మై గ్రాండ్‌మదర్ డైడ్. హీ వాజ్ వెరీ స్మాల్. హీ ఆల్వేస్ సే ఐ యామ్ టూ థిన్." మొత్తం ఉత్తరం అలాగే ఉంది, ఆమె అనాల్సిన ప్రతిచోటా అతను. మొదటి రెండు వాక్యాలు తప్ప క్రియలన్నీ వర్తమానంలో ఉన్నాయి, వాళ్ళ భాషలో క్రియకి భూతకాలం రూపం ఉండదు కదా, కానీ చదువుతుంటే నాకు ఆవిడ ఇంకా ఆ ఇంట్లోనే తిరుగుతున్నట్టనిపించింది. నాయనమ్మ వంటింట్లో బియ్యం కొలుస్తుంది, నాయనమ్మ ఫోన్ చేస్తే ఎప్పుడూ మొదట తిన్నావా అంటుంది. నూట నలభై మార్కులు తెచ్చుకునే పిల్లండి. ఆ ఉత్తరానికి పరీక్షలో ఎన్నొస్తాయో మీకు నాకన్నా బాగా తెలుసు. నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

చివర ఇంగ్లీష్ పేరు లేదు, తన చైనీస్ పేరు ఉంది, ఇంటిపేరుతో సహా. దాని కింద ఒక వరుస, మీ భాషలో నాన్న వాళ్ళమ్మని ఏమంటారు అని. వాళ్ళు నైనై అంటారు. నాయనమ్మ అని ఇంగ్లీష్ అక్షరాల్లో విడదీసి రాసి పంపాను. మర్నాడు పొద్దున్నే జవాబు, ఒకటే లైను: "సగం పేరు ఒకటే ఆయీ."